మస్తాన్ పచ్చరంగులో వేసిన కరువు

2002 సెప్టెంబరు ఆఖరి వారంలో ఒక సోమవారం ఉదయం, ముదిగుబ్బలో బోర్డులు రాసే మస్తాన్ తాను నాలుగు రోజులు కష్టపడి వేసిన బొమ్మలోంచి సూర్యుణ్ణి గీకేశాడు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు ఉన్న ఇనుప రేకు మీద ఎనామిల్ రంగులతో వేసిన బొమ్మ అది. కుడివైపు పైన అన్నం పళ్లెమంత ఎర్రటి సూర్యుడు ఉండేవాడు. టర్పెంటైన్‌లో తడిపిన గుడ్డను దాని మీద కాసేపు అదిమి ఉంచి, రంగు మెత్తబడ్డాక, గోడలకు లప్పం పట్టే బ్లేడుతో అంచు నుంచి మధ్యకు గీరుకుంటూ వచ్చాడు. సూర్యుడి తరువాత బీటలు వారిన నేల పోయింది. నేల తరువాత ఎద్దు ఎముకలు. చివరికి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశం వైపు చూస్తున్న రైతు. మధ్యాహ్నానికి రేకు మీద బొమ్మంటూ ఏమీ మిగల్లేదు. గురువారం నాడు కేంద్ర కరువు బృందం ఆ బొమ్మను చూడవలసి ఉంది.

నేను అక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాను. మస్తాన్‌కు కోపం రాలేదు, కంగారు కూడా పడలేదు. కంగారంతా నాదే. ఎందుకంటే ఆ బొమ్మకు ఆధారంగా ఇచ్చిన ఫోటో మా పత్రికది, దాన్ని ఏరి ఇచ్చింది నేను.

ఇక్కడ నా ఉద్యోగం గురించి కొంత చెప్పాలి. నన్ను 1999లో గుంటూరు వైపు నుంచి అనంతపురానికి స్టాఫ్ రిపోర్టరుగా బదిలీ చేశారు. ఆ రోజుల్లో దినపత్రికలకు ప్రతి జిల్లాకూ విడిగా కొన్ని పేజీలు ఉండేవి. మండలానికి ఒక విలేకరి వార్తలు రాసి బస్సు కవర్లోనో, ఫ్యాక్సులోనో పంపేవాడు. అతణ్ణి కంట్రిబ్యూటర్ అంటారు. నెల జీతగాడు కాదు. అతని పైన మేము, జిల్లా కేంద్రంలో ఉండే స్టాఫ్ రిపోర్టర్లం. మా రాతలన్నిటినీ దిద్ది పేజీలు పెట్టేది డెస్క్. డెస్కులో ఒక ఇనుప బీరువా ఉండేది. అందులో అవసరానికి మళ్లీ మళ్లీ వాడుకునే ఫోటోలు కవర్లలో పెట్టి, పైన పేర్లు రాసి ఉంచేవాళ్లం. 'కరువు' అని రాసిన కవర్లో అన్నిటికంటే పైన ఉండేది బీటలు వారిన నేల ఫోటో. గిన్నె పట్టేంత లోతుగా పలకలు పలకలుగా పగిలిన మట్టి, వెనక ఎండుకంప. నేను వచ్చిన మూడేళ్లలో దాన్ని ఎన్నిసార్లు వేశామో లెక్క లేదు. వాన రాకపోతే ఆ ఫోటో. కరువు మండలాల జాబితా వస్తే ఆ ఫోటో. ధర్నా జరిగినా అదే. అది పాఠకులకు ఎంత అలవాటైపోయిందంటే, కింద వ్యాఖ్య రాయకపోయినా ఎవరూ అడిగేవారు కాదు.

కేంద్ర బృందం వస్తే ఒక పద్ధతి ఉంటుంది. ఢిల్లీ నుంచి నలుగురైదుగురు అధికారులు వస్తారు. రెండు జిల్లాలకో మూడు జిల్లాలకో కలిపి రెండు రోజులు. వాళ్లు ఏ రోడ్డున వెళ్లాలో, ఎక్కడ దిగాలో ముందే రాసి ఉంటుంది. దిగిన చోట షామియానా వేసి, కరువు ఫోటోలు వరసగా తగిలించి ప్రదర్శన పెడతారు. పావుగంట ఫోటోలు చూస్తారు, ఇద్దరు ముగ్గురు రైతులతో మాట్లాడతారు, బండ్లు ఎక్కుతారు. ఫోటోలు పత్రికల నుంచే తీసుకుంటారు కాబట్టి మాకూ అందులో భాగం ఉండేది. ఆ ఏడు ముదిగుబ్బ దగ్గర కదిరి రోడ్డు మీద ఒక మజిలీ పెట్టారు. ప్రదర్శన బాధ్యత చూసే అధికారి ఒకాయన, ఫోటోలకు తోడు మధ్యలో పెద్ద రంగుల బొమ్మ ఒకటి ఉంటే బాగుంటుందని అనుకున్నాడు. మా ముదిగుబ్బ కంట్రిబ్యూటర్ రామాంజనేయులు వెంటనే మస్తాన్ పేరు చెప్పాడు. నమూనాగా నేను బీరువాలోని ఫోటో ఇచ్చాను.

మస్తాన్‌కు అప్పటికి నలభై దాటి ఉంటాయి. బస్టాండు వెనక సందులో చిన్న రేకుల షెడ్డు అతని పనిచోటు. కిరాణా కొట్ల బోర్డులు, లారీల వెనక అక్షరాలు, బడి గోడల మీద బొమ్మలు, అన్నిటికంటే ఎక్కువగా విత్తనాల కంపెనీల, పురుగుమందుల కంపెనీల గోడ ప్రకటనలు. కదిరి నుంచి ధర్మవరం దాకా రోడ్డు పక్క గోడల మీద కనిపించే పచ్చటి పైర్లలో సగం అతని చేతివే. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. సెంటు భూమి లేదు. అతని తండ్రి దూదేకేవాడు. బొమ్మ గురించి మాట్లాడేటప్పుడు మస్తాన్ పెద్ద మాటలు వాడేవాడు కాదు. 'కుదిరింది', 'కుదర్లేదు' అని రెండే మాటలు. కానీ కుదరని దాన్ని కుదిరిందని అనడం నేను ఎప్పుడూ వినలేదు.

గీకివేతకు ముందు రోజు, అంటే ఆదివారం, బొమ్మ ఎంతవరకు వచ్చిందో చూసి చిన్న వార్త రాద్దామని ముదిగుబ్బ వెళ్లాను. బొమ్మ పూర్తయింది. నిజం చెప్పాలంటే నాకు చాలా నచ్చింది. మా ఫోటోలోని బీటలకు రంగు వచ్చింది. ఆ బీటల మధ్య రైతును, మడకను, అంటే నాగలిని, ఎద్దు ఎముకలను తనే ఊహించి కలిపాడు. రామాంజనేయులు అయితే ఢిల్లీవాళ్లు కళ్లు తుడుచుకోవాల్సిందే అన్నాడు.

అప్పుడే ఓబుళమ్మ వచ్చింది. దగ్గరలోని పల్లె ఆమెది. నాలుగెకరాల మెట్ట, మొత్తం వేరుశనగ. తమ పొదుపు సంఘానికి రాయించిన బోర్డు తీసుకుపోవడానికి వచ్చింది. బోర్డు చంకలో పెట్టుకుని, పోతూ పోతూ పెద్ద రేకు ముందు ఆగింది.

"ఇది యా ఊరు మస్తానూ?" అంది.

"మన ఊరేగదక్కా. కరువు బొమ్మ. ఢిల్లీ నుంచి వచ్చేవాళ్లకు చూపిచ్చేకి."

"మన ఊరా!" ఆమె ఇంకొంచెం దగ్గరికి వచ్చింది. "మన నేల యాడ బీటలిచ్చిందప్పా? ఎర్రగరుసు నేల బీటలిస్తాదా? ఇది సెరువు. నీళ్లింకిపోయిన సెరువు. సెరువులో మడక పెట్టుకోని కూచున్న మొగోడు ఎవుడు ఈడు? తిక్కోడా?"

రామాంజనేయులు నవ్వాడు. మస్తాన్ నవ్వలేదు. ఆమె వేలు ఎముకల మీదికి పోయింది.

"ఎద్దు ఎముకలయ్యేదాకా కొట్టంలో పెట్టుకుంటామా ఎవురన్నా? గడ్డి లేదంటే ముందే సంతకు తోలేస్తాం. మేం సేసే పని అది. ఈ ఎముకలు యాడివి?"

నేను కల్పించుకుని, ఇది కరువును సూచించడానికి వేసిన బొమ్మ అని, పట్నంవాళ్లకు అర్థం కావాలంటే ఇలా ఉండాలని ఏదో చెప్పాను. ఆమె నా వైపు తిరిగింది.

"అది సరే సార్. పోయినేడు ఇట్లే వచ్చినారు. జీపులోనుంచి సూసినారు, సేన్లన్నీ పచ్చగుండాయి, పంట బాగుండాదని పోయినారు. దిగనేలేదు. ఈతూరి గూడా పచ్చగానే ఉండాది. సెట్టుండాది, కాయ లేదు. ఆ సంగతి ఎవురన్నా సెప్తారా, లేకుంటే సెరువు సూపిచ్చి పంపిస్తారా?"

బోర్డు సర్దుకుని బస్సుకు పోయింది.

ఆమె చెప్పిన మాటను పాఠకుల కోసం కొంచెం విడమరుస్తాను. వేరుశనగ పూత పూశాక ఆ పూల నుంచి సన్నటి తీగల్లాంటివి కిందికి సాగి నేలలోకి దిగుతాయి. వాటిని ఊడలు అంటారు. నేలలో దిగాకే వాటి కొసన కాయ కడుతుంది. ఊడలు దిగే రోజుల్లో వాన లేక నేల గట్టిపడిపోతే అవి దిగలేవు. గాలిలో వేలాడి ఎండిపోతాయి. ఆ తరువాత ఆలస్యంగా ఒక పదును వాన పడిందా, చెట్టు మళ్లీ చిగురిస్తుంది. రోడ్డు మీద పోయేవాడికి చేను నిండుగా కనిపిస్తుంది. పెరికి చూస్తే కింద వేర్లు తప్ప ఏమీ ఉండవు. ఆ ఏడు జరిగింది అదే. మూడేళ్లుగా ఆ జిల్లాలో కరువు వార్తలు రాస్తున్న నాకు ఈ సంగతి తెలియదా అంటే తెలుసు. లోపలి పేజీలో ఒకటి రెండుసార్లు రాశాను కూడా. ఆ రాతల పైన కూడా డెస్క్ బీటల ఫోటోయే పెట్టింది. నాకది తప్పుగా తోచలేదు. ఎర్ర నేలలో ఫోటోకు పనికొచ్చే కరువు దొరకదు కాబట్టి మా ఫోటోగ్రాఫర్లు చెరువుల్లోకి దిగేవారు. ఇది మా వృత్తిలో అందరూ చేసే పని.

మరునాడు మస్తాన్ బొమ్మ గీకేయడం మొదట చెప్పాను. ఎందుకింత తొందర, అధికారికి ఒక మాట చెప్పి చూద్దామని నేనంటే, "చూసినాక ఎట్ల ఉంచేది సార్?" అన్నాడు. అంతే.

రెండో బొమ్మ అదే రోజు సాయంత్రానికి వేసేశాడు. అతని చెయ్యి అంత వేగం. పచ్చటి చేను, సాళ్లు సాళ్లుగా, దూరంగా గుట్టలు, పైన తెల్లటి ఆకాశం, చేను మధ్యలో దిగులుగా నిలబడిన భార్యాభర్తలు. నేను ముదిగుబ్బలోనే ఉండిపోయాను. మంగళవారం పొద్దున్నే టీ తాగడానికి వచ్చినవాళ్లు షెడ్డు ముందు గుమికూడారు.

"యా కంపెనీ ఇత్తనాలు మస్తానన్నా ఇవి?" అన్నాడు రామాంజనేయులు. "ఎకరాకు ఎన్ని మూటలో గూడా రాసేయ్ పక్కన."

"ఆయప్ప మొగం సూడు, మందు కొట్టేది మర్సిపోయినట్లుండాడు," అన్నాడు టీకొట్టు యజమాని.

మస్తాన్ కూడా నవ్వేశాడు. "చెయ్యి కంపెనీవాళ్లకు అలవాటు పడిపోయినాది సార్," అన్నాడు నాతో. "పచ్చ అంటేనే దానికి పసుపు మెరుపు కలిపేస్తాది. నేను వద్దన్నా వినదు."

అది అతని వృత్తిలోని చిక్కు. ఏళ్ల తరబడి అతను పచ్చరంగును ఆశపెట్టడానికే వాడాడు. గోడ మీద ఆకు కొసన చిన్న పసుపు చార పెడితే ఆకు మిలమిలలాడుతుంది. చూసిన రైతు ఆ విత్తనం కొంటాడు. ఇప్పుడు అదే పచ్చ దిగులు పుట్టించాలి. బీటల బొమ్మలో తప్పు ఉన్నా దిగులు ఉంది. ఈ బొమ్మలో తప్పు లేదు, దిగులు లేదు. మొగాలకు ఏడుపు పెట్టినంత మాత్రాన చేను ఏడవదు.

చేను చూడాలన్నాడు. రామాంజనేయులు మోటారు సైకిల్ మీద ముగ్గురం కూర్చుని ఓబుళమ్మ చేనికి పోయాం. ఎనిమిది గంటలకు చేను నిజంగానే పచ్చగా, ఆకులు విచ్చుకుని ఉంది. ఆమె మమ్మల్ని చూసి, "బొమ్మలోళ్లు వచ్చినారే!" అని నవ్వింది. మస్తాన్ ఏమీ గీయలేదు. కాగితం కూడా తేలేదు. గట్టు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాడు. నాకు పదింటికల్లా విసుగొచ్చింది. అనంతపురంలో నా పని నాకుంది. అతను మాత్రం కదల్లేదు.

పదకొండు దాటాక నేను గమనించని ఒక మార్పు అతను గమనించి చూపించాడు. ఎండ ఎక్కేకొద్దీ ఆకులు జంటలు జంటలుగా ముడుచుకుంటున్నాయి. చేతులు జోడించినట్టు కాదు, పుస్తకం మూసినట్టు. ముడుచుకున్నప్పుడు ఆకు అడుగుభాగం బయటపడుతుంది. అది పాలిపోయిన రంగు. పొద్దున ముదురు పచ్చగా ఉన్న చేను మధ్యాహ్నానికి బూడిద చల్లినట్టయింది. ముడుచుకున్న ఆకుల మధ్య నుంచి, పొద్దున కనపడని ఎర్రమట్టి సాళ్లు సాళ్లుగా బయటపడింది.

పైన ఆకాశం నిండా మోడాలు. బయటివాళ్లు నమ్మరు గాని, అనంతపురం కరువుకు ఎండిన ఆకాశం ఉండదు. పడమటి నుంచి మేఘాలు బండ్లు కట్టుకుని వస్తాయి, గాలి వాటిని ఆగనివ్వదు, తూర్పుకు తోలుకుపోతుంది. ఆ ఏడు ఆ గాలి సెప్టెంబరు ఆఖరైనా విడవలేదు.

మస్తాన్ ఓబుళమ్మను ఒక చెట్టు పెరికి చూపించమన్నాడు. ఆమె వంగి, మొదలు పట్టుకుని పెరికి, వేర్లకున్న మట్టి విదిలించి, దాన్ని తిరగేసి చూసింది. ఊడలు వేలాడుతున్నాయి, ఒకటి రెండు ఎండి నల్లబడ్డాయి. ఆమె ఒక్కొక్క ఊడనూ బొటనవేలితో పక్కకు జరుపుతూ వెతికింది. ఒక్క కాయ ఉంది. అందులోనూ గింజ లేదు.

ఆకాశం వైపు ఒకసారి చూడక్కా అన్నాడు మస్తాన్, బొమ్మల్లో రైతులందరూ అలాగే చూస్తారు కాబట్టి.

"ఆకాశంలో ఏముండాది సూసేకి?" అంది ఆమె, తల ఎత్తకుండానే. "మోడాలు వస్తాండాయి, పోతాండాయి. పైకి సూసేది ఇత్తనమేసేటప్పుడు నాయనా. ఇప్పుడు కిందికే."

మస్తాన్ లేచి నిలబడ్డాడు. పోదాం సార్ అన్నాడు.

ఆ మధ్యాహ్నం రెండోసారి రేకు గీకాడు. పచ్చరంగు కింద నుంచి రెడ్ ఆక్సైడ్ బయటికి వచ్చింది. ఇనుము తుప్పు పట్టకుండా ఏ బోర్డు రాసేవాడైనా మొదట పూసే ఎర్రటి పూత అది. దాని మీద రంగులు వేసి కప్పెయ్యడమే తప్ప దాన్నెవరూ రంగుగా చూడరు. మస్తాన్ చేను నుంచి ఒక పిడికెడు మట్టి లుంగీ కొంగులో తెచ్చుకున్నాడు. దాన్ని రేకు పక్కన పెట్టి చూశాడు. రెండూ ఒకటే రంగు. ఇరవయ్యేళ్లుగా తాను కప్పిపెడుతూ వచ్చిన పూత తన ఊరి నేల రంగని అతనికి అప్పుడే తట్టింది. సాళ్ల మధ్య నేలకు వేరే రంగు వెయ్యలేదు. పూతను అలాగే వదిలేసి, పైర్లు మాత్రమే వేశాడు.

పచ్చరంగు కలపడంలో అతను చేసినది నాకు కళ్లకు కట్టినట్టు గుర్తుంది. డబ్బాలోని పచ్చలో తెలుపు, కొంచెం నీలం, చివరికి అగ్గిపుల్ల కొసతో ఎరుపు. ఎరుపు పడగానే పచ్చకు ఉన్న మెరుపు చచ్చిపోయింది. "దీన్ని మేం గుడ్డి పచ్చ అంటాం సార్. పొరపాటున కలిస్తే పారబోస్తాం," అన్నాడు. ఆ పారబోసే రంగుతోనే చేనంతా వేశాడు. ఆకులు ముడుచుకుని ఉన్నాయి. ఆకాశమంతా మేఘాలు, అన్నీ ఒకే పక్కకు వాలి ఉన్నాయి. మనుషులు ముగ్గురే, దూరదూరంగా. ముగ్గురి తలలూ కిందికే ఉన్నాయి. ముందున్న ఆమె చేతిలో తలకిందులుగా పెరికిన చెట్టు, ఊడలు గాలికి ఒక పక్కకు ఊగుతున్నాయి. ఆమె మొగం కనపడదు, కొంగు గాలికి అడ్డం పడింది. బొటనవేలు మాత్రం ఊడల మధ్య వెతుకుతూ ఉంటుంది.

ఎనామిల్ రంగు ఒక పూత ఆరడానికి ఒక రాత్రి పడుతుంది. తడి మీద తడి వేస్తే ముడతలు పడుతుంది. అతనికి ఉన్నది ఒక రాత్రి, ఒక పగలు. అందుకే చేయి తిరిగినవాడు చేసే పని చేశాడు. ఒక్కొక్క చోట ఒక్కటే పూత, దిద్దుబాటు లేకుండా. తప్పితే మళ్లీ గీకాలి, గీకడానికి టైము లేదు. బుధవారం మధ్యాహ్నం దాకా అతను భోజనానికి లేవడం నేను చూడలేదు. నా ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో చాలామంది తమ పనిని దిద్దుకోవడం చూశాను. నేనూ దిద్దుకున్నాను. నచ్చిన వాక్యాన్ని కొట్టెయ్యడమే ఎంత కష్టమో నాకు తెలుసు. ఈయన రెండు రోజుల్లో రెండు బొమ్మలు కొట్టేశాడు, రెండూ ఊరంతా మెచ్చుకోవడానికో నవ్వుకోవడానికో పనికొచ్చేవే.

బుధవారం సాయంత్రం అధికారి వచ్చాడు. బొమ్మను చూసి ఆయన మొహం మారిపోయింది. ఇదేం కరువండీ, పచ్చగా ఉంది, ఫోటో ఇచ్చాం కదా అన్నాడు నాతో. ఆ ఫోటో చెరువుదని, చేనుది కాదని నేను చెప్పాను. ఆయన చెప్పిన జవాబు కూడా రాయాలి, ఎందుకంటే ఆయన తెలివితక్కువవాడు కాదు. చెరువని తనకూ తెలుసునని, అందరికీ తెలుసునని, కానీ వచ్చేవాళ్లు ఉండేది పావుగంటని, ఆ పావుగంటలో వాళ్లకు తెలిసిన బొమ్మ చూపిస్తేనే కరువు అని నమ్ముతారని అన్నాడు. మధ్యలో మా బీటల ఫోటోనే పెద్దది చేసి పెడతానన్నాడు.

మస్తాన్ చేతులు తుడుచుకుంటూ ముందుకు వచ్చాడు. పెద్దవాళ్ల ముందు అతను మాట్లాడడం అరుదు.

"సార్, మీ షామియానా నుంచి పదడుగులు పోతే చేనుండాది. బొమ్మలో బీటలు, చేన్లో పచ్చ. రెండూ చూసినాయప్ప యాది అబద్ధమనుకుంటాడు సార్? చేను అబద్ధమనుకోడు గదా?"

అధికారి బొమ్మను ఇంకోసారి చూశాడు. తరువాత ఒక మధ్యేమార్గం చెప్పాడు. మధ్యలో ఫోటోనే ఉంటుంది. రేకు బొమ్మను షామియానా చివర, చేను వైపు దారిలో పెట్టుకోవచ్చు. మస్తాన్ దానికి ఒప్పుకున్నాడు. ఆ చోటే మంచిదని తరువాత నాతో అన్నాడు.

గురువారం బృందం అనుకున్నదానికంటే ఆలస్యంగా, పన్నెండు దాటాక వచ్చింది. ఫోటోల ముందు త్వరత్వరగా నడిచారు. బీటల ఫోటో ముందు అందరూ తలలు ఊపారు. నలుగురిలో కాస్త వయసైన ఒకాయన మాత్రం చివరన ఉన్న రేకు ముందు ఆగాడు. ఇది మంచి పంట కదా అని హిందీలో అడిగాడు. మా అధికారి ఇంగ్లీషులో వివరించబోయే లోపల మస్తాన్ తనకొచ్చిన ఉర్దూలో సమాధానం చెప్పాడు. పంటను చూడకండి సాబ్, ఆమె చేతిని చూడండి అని. ఆ పెద్దమనిషి కళ్లద్దాలు సవరించుకుని దగ్గరికి వంగాడు. ఎనామిల్ ఇంకా పూర్తిగా ఆరలేదు, ముట్టుకోవద్దని మస్తాన్ చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన ఊడలను వేలితో దూరం నుంచే లెక్కపెట్టినట్టు చూసి, షామియానా దాటి చేనులోకి దిగాడు. దిగడం కార్యక్రమంలో లేదు. వెనకే అధికారులు, మేమూ పరుగెత్తాం.

ఆయన ఒక చెట్టు పెరికాడు. చూడడానికి వచ్చిన రైతుల్లో ఉన్న ఓబుళమ్మ ఊరుకోలేదు.

"ఒగటి పెరికితే ఏం తెలుస్తాది సామీ? ఏరి పెట్టినామంటారు. నాలుగు సోట్ల పెరకండి. మీకిష్టమొచ్చిన సోట పెరకండి."

మస్తాన్ దాన్ని ఉర్దూలో చెప్పాడు, కొంచెం మర్యాద కలిపి. ఆయన నవ్వి, నాలుగు చోట్లా పెరికాడు. మూడింటికి ఏమీ లేవు. నాలుగో దానికి రెండు కాయలు. ఆయన వాటిని నలిపి చూసి, చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. పెరికిన చెట్లలో ఒకటి చేతిలో పట్టుకునే బండి ఎక్కాడు. అప్పటికే ముందు బండి హారన్ కొడుతోంది. మొత్తం కలిపి అరగంట కాలేదు.

ఈ సంఘటన నాకు నేర్పింది పనికి సంబంధించిన సంగతి. వార్తకు సరిపోయే ఫోటో అంటే పాఠకుడికి ముందే తెలిసిన ఫోటో కాదని. ఆ వారంలోనే మా బీరువాలో బీటల ఫోటోను 'కరువు' కవర్లోంచి తీసి, 'ఎండిన చెరువులు' అని వేరే కవరు రాసి అందులో పెట్టాను. కరువు కవర్లో పెరికిన చెట్టును చేత్తో పట్టుకున్న ఫోటోలు చేర్చాం. అవి మొదటి పేజీకి పెద్దగా నప్పవని డెస్క్ చాలాసార్లు గొణిగింది. రూపం కోసం విషయాన్ని వదిలెయ్యకుండా, విషయానికి రూపం వెతకడం ఎలాగో నేను ఏ సంపాదకుడి దగ్గర కంటే ఎక్కువగా మస్తాన్ దగ్గరే చూశాను.

ఆ తరువాత మూడు నాలుగేళ్లలో ఫ్లెక్సీలు వచ్చి గోడ ప్రకటనల పని పడిపోయింది. మస్తాన్ ఇప్పుడు ఇళ్లకు రంగులు వేయిస్తున్నాడు. బొమ్మ రేకు అతని ఇంట్లోనే ఉంది. ఇవ్వమని ఇద్దరు ముగ్గురు అడిగితే, మేఘాల రంగు కుదర్లేదని, కుదిరాక చూద్దామని చెప్పి పంపించాడట.

మండలాన్ని ఆ ఏడు కరువు జాబితాలో చేర్చారు. కానీ చుట్టుపక్కల మండలాలన్నీ చేర్చారు, కాబట్టి దాన్ని బట్టి ఏమీ చెప్పలేం. ఓబుళమ్మ అడిగింది వేరే విషయం, కాయ లేని పచ్చ చేనును కూడా నష్టంగా రాస్తారా లేదా అని. కనపడ్డప్పుడల్లా నన్ను అదే అడిగేది. బృందం నివేదిక జిల్లాకు రాలేదు. సమాచార హక్కు చట్టం వచ్చాక నేను దరఖాస్తు పెట్టాను. తమ దగ్గర ప్రతి లేదని ఒక వాక్యంలో జవాబు వచ్చింది. ఆ పెద్దమనిషి పుస్తకంలో రాసుకున్నది నివేదికలోకి ఎక్కిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు.